ఆగమన్నారు

కింది నుంచి చూస్తే దూలం పొగచూరిన కుండ అడుగులా నల్లగా ఉంది. మేస్త్రి నిచ్చెన చివరి మెట్టెక్కి, జేబులోంచి చిన్న ఉలి తీసి, ఎవరికీ కనపడని పైపక్కన గోరంత మేర గీకాడు. నలుపు కింద తేనెరంగు తేలింది. వేలు ఉమ్మితో తడిచేసి ఆ చోట రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇంకా వాసనొస్తోందమ్మా," అన్నాడు కిందికి చూసి. "ఈ చెట్టును కొట్టింది మా తాత పుట్టకముందు. ఇన్నేళ్ళయినా వాసన పోలేదు. అదే మనుషులమైతే మూడో రోజుకే ముక్కు మూసుకోవాలి."

నిచ్చెన పట్టుకుని నిలబడ్డ ఇంజనీరమ్మ నవ్వింది. "పొడవెంత, మేస్త్రి గారూ?"

"ఇరవై రెండు అడుగులు. అతుకు లేదు. ఒక్క ముక్క."

ఆమె ఆ మాటే పుస్తకంలో రాసుకుంది. రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

ఆ పాత గోదామును కూలగొట్టడం లేదు, విప్పుతున్నారు. యంత్రం పెడితే రెండు రోజుల్లో నేలమట్టమయ్యేది. మేస్త్రి ముఠా నెల రోజులుగా విప్పుతూనే ఉంది. తలుపులు, కిటికీలు, వాసాలు, ఇటుకలు, ఆఖరికి వంకరపోయిన మేకులు కూడా సాపుచేసి డబ్బాల్లో వేస్తున్నారు. వాటితోనే పక్క వీధిలో కంపెనీ కొత్త ఆఫీసు లేస్తోంది. 'ఒక్క చెట్టు కొట్టకుండా కట్టిన భవనం' అని అక్కడ గేటు దగ్గర ముందే బోర్డు పెట్టేశారు. అది నిజమేనని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు వేరే ఊళ్ళో ఉంటారు. వాళ్ళకు చూపించడానికి, విప్పిన ప్రతిదానికీ ఇంజనీరమ్మ ఒక రేకుముక్క కొట్టించి దాని మీద నంబరు వేయిస్తుంది. అందుకే ముఠాలో ఆమెకు నంబర్లమ్మ అని పేరు.

"ఒకచోట కదలకుండా కూర్చోకండిరా," అంటాడు ఉడత, అందరూ టీ తాగే వేళకు. "నుదుటి మీద రేకు కొట్టేసి పోతుంది."

ఉడత మేస్త్రి చెల్లెలి మొగుడు. అతను ఒంటిటుక గోడ మీద నడుస్తుంటే కింద నిలబడ్డవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. అతనూ మేస్త్రీ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. కొత్తగా చేరినవాళ్ళకు ఎవరు ఎవరికి బావో తేల్చుకోవడానికి వారం పడుతుంది.

మేస్త్రికీ ఒక పేరుంది, గీతపడని మేస్త్రి అని. పలుగుకూ చెక్కకూ మధ్య గోనెపట్టా లేకుండా ఎవరైనా చెక్కను పైకి లేపితే అతను తిట్టడు, ఆ మనిషిని మర్నాటి నుంచి పనికి పిలవడు. ఇన్నేళ్ళూ ఆ పేరు వెనక సగం వెటకారమే ఉండేది. పాడుబడ్డ చెక్కకు ఇంత మర్యాదేమిటని కంట్రాక్టర్లు నవ్వేవాళ్ళు. ఇంజనీరమ్మ వచ్చాకే అదొక విద్య అయింది. వాసాన్ని ఏ వరసలో విప్పాలో, ఏ చెక్క ఎండకు పగులుతుందో, ఏ చెక్కను కొడితే ఏ మోత వస్తుందో ఆమె అడిగి రాసుకునేది. మేస్త్రి గారూ అనేది. యాభై రెండేళ్ళ వయసులో మొదటిసారి అతను ఒక మనిషి తన మాట రాసుకోవడం చూశాడు.

"రేపు దీన్ని దించుతారు కదా," అందామె నిచ్చెన వదిలి. "నేనుండను. సర్టిఫికెట్ వాళ్ళతో మీటింగ్ ఉంది. దీన్ని మాత్రం ముక్కలు చెయ్యకండి, మేస్త్రి గారూ. ఆఫీసు ముందు హాల్లో అందరికీ కనపడేలా వెయ్యాలి."

"నా ప్రాణం పోయినా గీత పడదమ్మా," అన్నాడు మేస్త్రి.

*

మర్నాడు పదిన్నరకు దూలం ఒక కొసను గొలుసు కప్పీకి కట్టారు. రెండో కొస ఇంకా గోడ గూట్లోనే ఉంది. చుట్టూ సున్నం తొలిచి దాన్ని వదులు చెయ్యాలి. ఉడత గోడ మీద గుర్రమెక్కినట్టు కూర్చుని తొలుస్తున్నాడు.

"కొత్తల్లుడిలా ఉంది బావా ఇది," అన్నాడు పై నుంచి. "ఎంత లాగినా అత్తారింట్లోంచి కదలనంటోంది."

కింద ఎవరో నవ్వారు. నవ్వు పూర్తి కాకముందే గోడ దిగబడింది.

మోకాళ్ళు మడిచి కూర్చున్న మనిషిలా అది మధ్యకు మడత పడింది. కప్పీ కొక్కెం ఊడింది. దూలం, ఉడత, ఇటుకలు కలిసి కిందికి వచ్చాయి. సున్నం పొడి తగ్గాక చూస్తే ఉడత రాతి గడప మీద వెల్లకిలా పడి ఉన్నాడు. దూలం అతని కుడి తొడ మీద అడ్డంగా ఉంది. దాని అవతలి కొస మీద సగం గోడ వచ్చి కూర్చుంది.

ఉడత అరవలేదు. "ఎత్తు బావా," అన్నాడు, అడ్డంగా ఉన్న బల్లను ఎవరినో జరపమన్నట్టు.

ఎనిమిది మంది పట్టారు. కదల్లేదు. పలుగులు పెట్టారు. ఒక పలుగు వంగింది. ముఠాలో కోతపని చేసే రంపమాయన పరుగున వెళ్ళి మోటారు రంపం తెచ్చాడు. దూలాన్ని ఒకసారి, మనిషిని ఒకసారి చూసి, ఉడత కాలికి మూడడుగుల అవతల బొగ్గుతో గీత గీశాడు.

"ఇక్కడ కోస్తే ఈ ముక్కను నలుగురం ఎత్తి పక్కన పెట్టెయ్యొచ్చు. పది నిమిషాల పని," అని తాడు లాగాడు. రంపం మొదటి లాగుకే అందుకుంది.

అప్పటికి మేస్త్రి ఉడత తల దగ్గర గొంతుక్కూర్చుని, ఒక చెయ్యి అతని తల కింద పెట్టి, రెండో చేత్తో ఇంజనీరమ్మకు ఫోన్ చేస్తున్నాడు. ఆమెకే ఎందుకు చేశాడో తరవాత ఎంత ఆలోచించినా అతనికి తట్టలేదు. నెల రోజులుగా ప్రతిదీ ఆమెను అడిగి చెయ్యడం అలవాటై, వేలు ఆ నంబరు మీదికే పోయింది. వినపడక రంపం ఆపమని సైగ చేశాడు. అది ఆగింది.

"ఆగండి, ఆగండి, మెల్లగా చెప్పండి," అందామె.

చెప్పాడు.

"కోసెయ్యండి. మేస్త్రి గారూ, వెంటనే కోసెయ్యండి. అంబులెన్సుకు నేను చేస్తాను."

మేస్త్రి ఫోన్ దించాడు. రంపమాయన తాడు మీద చెయ్యేసి అతని మొహంలోకి చూస్తున్నాడు. చుట్టూ అందరూ చూస్తున్నారు. మేస్త్రి దూలాన్ని చూశాడు. అంత ఎత్తు నుంచి పడినా దానికేమీ కాలేదు. ఒక్క పగులు లేదు. నిన్న తను గీకిన చోట తేనెరంగు మెరుస్తోంది. పక్క సైటులో పెద్ద జాకీ ఉంది. తెప్పిస్తే ఇరవై నిమిషాలు.

"ఆగమన్నారు," అన్నాడు.

అన్నాక ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టు అనిపించలేదు. ఫోన్లోంచి వచ్చినట్టే ఉంది.

"జాకీ వస్తుంది. అదొస్తే మనిషికీ దెబ్బ తగలదు, దూలానికీ దెబ్బ తగలదు."

రంపమాయన తాడు వదిలేసి, రంపాన్ని ఇటుకల మీద పెట్టాడు.

ఇరవై నిమిషాలకు జాకీ బయల్దేరిందన్నారు. ఇంకో పావుగంటకు దారిలో ఉందన్నారు. అంబులెన్సు వచ్చి గేటు దగ్గర నిలబడింది. అందులోంచి దిగినాయన ఉడత చేతికి సూది గుచ్చి సీసా కట్టి, "ఎంతసేపయ్యా? దీన్ని కొయ్యలేరా?" అన్నాడు.

"కోస్తే అటు కొస మీది గోడ ఇటు దొర్లుతుంది సార్," అన్నాడు మేస్త్రి. అది నిజమయ్యే వీలు రవ్వంత ఉంది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి చెప్పాక ఆయన ఇంకేమీ అనలేదు. ఫైర్ ఇంజన్‌ను పిలుద్దామా అని ఎవరో అన్నారు. జాకీ వచ్చేస్తుంటే మళ్ళీ అదెందుకని ఇంకెవరో అన్నారు. మేస్త్రి ఫోన్ రెండుసార్లు మోగింది. రెండుసార్లూ ఇంజనీరమ్మే. అతను దాన్ని బోర్లించి ఇటుక మీద పెట్టాడు.

"పాదం మంచుగడ్డలా ఉంది బావా," అన్నాడు ఉడత కాసేపటికి. మరికాసేపటికి, "కొయ్యమను," అన్నాడు.

"వచ్చేసింది బావా. మలుపు తిరిగిందట."

"కొయ్యమను బావా."

"గేటు దగ్గరుంది. అదిగో."

మూడోసారి ఉడత అడగలేదు. కళ్ళు మాత్రం మేస్త్రి మొహం మీదే ఉంచాడు. మేస్త్రి తువ్వాలు తడిపి అతని నుదుటి మీద వేస్తూ, అది కొంచెం కిందికి జారి కళ్ళను కప్పితే, సర్దలేదు.

జాకీ వచ్చేసరికి గంటా పది నిమిషాలైంది. దాని కింద పెట్టడానికి గట్టి దిమ్మ దొరక్క ఇంకో అరగంట. దూలం నాలుగంగుళాలు లేచింది. ఉడతను బయటికి లాగారు. అప్పుడు అరిచాడు. ఆ అరుపు విన్నాక ముఠాలో ఇద్దరు ఆ రోజు పని వదిలేసి ఇంటికి పోయారు.

ఉడతను అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే రంపమాయన దూలం చుట్టూ తిరిగి చూశాడు. "దీనికి గీత కూడా పడలేదు," అన్నాడు. అతను మెచ్చుకోలుగా అన్నాడో ఎలా అన్నాడో మేస్త్రికి తెలియలేదు.

*

కాలు తొడ సగం వరకు తీసేశారు.

డాక్టరు చిన్నవాడు. చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చి, ఎదురుగా నిలబడ్డ ఇద్దరిలో ఎవరికి చెప్పాలో తెలియక, ఇద్దరి మధ్య గోడకు చెప్పినట్టు చెప్పాడు. "ఎముక విరగడం పెద్ద సమస్య కాదు. అంతసేపు రక్తం ఆడక కండ చచ్చిపోయింది. ఒక గంట ముందు తెచ్చి ఉంటే మోకాలైనా మిగిలేదేమో. కాలే మిగిలేదేమో. ఇప్పుడు చెప్పి ఏం లాభం."

మేస్త్రి చెల్లెలు లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పనిలోంచి అలాగే వచ్చింది, ముంజేతుల మీద కాలిన మచ్చలతో, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని. ఆమె ఏడవలేదు. "గంట ఎందుకయింది అన్నా?" అంది.

"జాకీ రాలేదమ్మా."

"నీ దగ్గర రంపం లేదా?"

మేస్త్రి గోడకు చేరబడ్డాడు. "ఆగమన్నారు," అన్నాడు. రెండోసారి ఆ మాట మొదటిసారికన్నా తేలిగ్గా వచ్చింది.

"ఎవరు?"

అతను ఆపరేషన్ గది తలుపు వైపు చూశాడు. చెల్లెలు అడగడం మానలేదు. చొక్కా పట్టుకుని, పసిదానిలా కుదిపి కుదిపి అడిగింది. "ఇంజనీరమ్మ," అన్నాడు చివరికి.

ఇంజనీరమ్మ మర్నాడు పొద్దున్నే వచ్చింది. రాత్రంతా బస్సులో కూర్చున్న మొహం. చెల్లెలు అప్పుడే మందులు తేవడానికి వెళ్ళింది. మేస్త్రి ఒక్కడే బెంచీ మీద ఉన్నాడు. ఆమె అతని ఎదుట నిలబడి, "రంపం పని చెయ్యలేదా?" అంది.

మేస్త్రి తల ఎత్తలేదు. "కుదరలేదమ్మా," అన్నాడు.

ఆమె పక్కన కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేసింది. "మీరు చెయ్యగలిగిందంతా చేసే ఉంటారు," అంది. ఆ చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ మేస్త్రి కదల్లేదు. చెల్లెలు మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినపడగానే లేచి, "ఆఫీసులో మీ కోసం చూస్తుంటారేమో, వెళ్ళండమ్మా," అని ఆమెను రెండో వైపు మెట్ల మీదుగా పంపేశాడు.

*

నాలుగో రోజు కంపెనీ మేనేజరు మేస్త్రిని పిలిపించాడు. దూలాన్ని లారీలో ఎక్కించి కొత్త ఆఫీసు ముందు దించారు. హాల్లో నక్షా పట్టుకుని నిలబడ్డ డిజైనరు, టేపు పట్టించి, పెదవి విరిచాడు.

"ఇది మెట్ల దగ్గర తిరగదు. మన హాలు పద్దెనిమిది అడుగులే. పైగా ఇప్పుడు అక్కడ గాజు కప్పు వస్తోంది, దూలానికి చోటు లేదు." మేనేజరు వైపు తిరిగాడు. "నాలుగు ముక్కలు చేసి బల్లలు చేయిద్దాం. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి. చెక్క ఎలాగూ మన చెక్కే, సర్టిఫికెట్‌కు ఇబ్బంది లేదు."

"మేస్త్రీ," అన్నాడు మేనేజరు. "నువ్వే కొయ్యి. వీళ్ళెవరైనా కోస్తే అంచులు పాడుచేస్తారు."

మేస్త్రి దూలం మీద చెయ్యి వేశాడు. "అమ్మగారికి చెప్పారా? ఇది ఒక్క ముక్కగా ఉండాలని ఆమె..."

"అమ్మగారి సంగతి వేరే ఉంది. అది రేపు మాట్లాడదాం. నువ్వు ముందు కొయ్యి."

రంపమాయన రంపం అందించాడు. మేస్త్రి టేపు పెట్టి ఐదున్నర అడుగుల దగ్గర గుర్తు పెట్టాడు. మూలమట్టం ఆనించి, పెన్సిలు గీత నాలుగు పక్కలా కలిసేలా తిప్పాడు. తాడు లాగాడు. పొడి మొదట నల్లగా, తరవాత ఎర్రగా, తరవాత తేనెరంగులో మోకాళ్ళ మీద పడింది. వాసన వీధిలోకంతా పోయింది. దారిన పోయేవాళ్ళు ఆగి పీల్చారు. ముక్క విడిపోయి కిందపెట్టిన దిమ్మ మీద చప్పుడు లేకుండా వాలింది.

రంపమాయన చేతి గడియారం చూశాడు. ఎవరూ అతన్ని చూడమనలేదు.

"తొమ్మిది నిమిషాలు," అన్నాడు.

మేస్త్రి రెండో గుర్తు దగ్గరికి జరిగాడు. మూడు కోతలూ అయ్యాక డిజైనరు వచ్చి అంచు మీద అరచెయ్యి రాశాడు. "అద్దంలా ఉంది," అన్నాడు. "ఇలాంటి పనివాళ్ళు ఇప్పుడు దొరకరు."

*

మేనేజరు చెప్పిన రేపు ఆస్పత్రిలో జరిగింది. ప్రమాదం సంగతి తనిఖీ చెయ్యడానికి ప్రభుత్వంవాళ్ళు వచ్చేలోపు తమ కాగితం తమ దగ్గర ఉండాలని, అతను ఒక గుమాస్తాను వెంటబెట్టుకుని ఉడత మంచం దగ్గరికే వచ్చాడు. ఇంజనీరమ్మను కూడా రమ్మన్నాడు. ఆమె మంచం కాళ్ళవైపు నిలబడింది. దుప్పటి ఒకపక్క ఎత్తుగా, ఒకపక్క చదునుగా ఉంది. ఆమె ఆ చదును వైపు చూడకుండా ఉండడానికి కిటికీని చూస్తోంది.

"రంపం సిద్ధంగా ఉంది. మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఆగమన్నదెవరు?" అన్నాడు మేనేజరు. "రంపమాయన్ని అడిగాను. అమ్మగారు ఆగమన్నారని మేస్త్రి చెప్పాడన్నాడు."

ఇంజనీరమ్మ కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. "నేను కోసెయ్యమన్నాను," అంది. "మేస్త్రి గారిని అడగండి."

అందరూ మేస్త్రిని చూశారు. అతను తువ్వాలు చేతికి చుట్టుకుని విప్పుకున్నాడు.

"చెప్పండి, మేస్త్రి గారూ. నేనేమన్నాను?"

"రంపం మోత ఉందమ్మా. సరిగ్గా వినపడలేదు." మళ్ళీ తువ్వాలు చుట్టాడు. "ఆగండి అన్నట్టే వినపడింది."

"ఆ దూలం చూసినప్పటి నుంచీ నువ్వు అందరికీ చెప్పింది అదే కదమ్మా," అన్నాడు మేనేజరు. "ముక్క చెయ్యొద్దు, ముక్క చెయ్యొద్దు అని. నాకూ చెప్పావు. కాగితం మీద కూడా రాశావు, కింద గీతలు గీసి."

"అది మామూలప్పుడు. మనిషి కింద ఉంటే ఎవరైనా..." ఆమె మాట తెగింది. చెల్లెలు మంచం పక్క స్టూలు మీద నుంచి లేచి ఆమెనే చూస్తోంది.

అప్పుడు ఉడత నోరు విప్పాడు. మందుల మత్తుకు నాలుక మందంగా తిరిగింది. "నేను విన్నాను," అన్నాడు. "ఫోన్ నా చెవి పక్కనే ఉంది."

ఆ సంగతి మేస్త్రికి ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. తల కింద చెయ్యి పెట్టుకుని, ఆ తల పక్కనే తను ఫోన్ మాట్లాడాడు.

"ఏం విన్నావు?" అన్నాడు మేనేజరు.

ఉడత మేస్త్రినే చూస్తున్నాడు, ఆ రోజు చూసినట్టే. "ఆగమన్నారు," అన్నాడు. "అమ్మగారే అన్నారు."

గుమాస్తా రాసుకున్నాడు. ఇంజనీరమ్మ మంచం ఇనప కమ్మీ పట్టుకుంది. కాలు పోయిన మనిషితో నువ్వు అబద్ధం చెబుతున్నావని ఎలా అంటుంది? మేనేజరు వెంట బయటికి నడుస్తూ, గుమ్మం దగ్గర తడబడి తలుపును గుద్దుకుంది. చెల్లెలు ఆమె వెనకే వరండాలోకి పోయింది. ఆమె తిట్లు కొంతసేపు లోపలికి వినపడ్డాయి.

గదిలో బావలిద్దరే మిగిలారు.

"కోసెయ్యమంది," అన్నాడు ఉడత. "రెండుసార్లు అంది. వెంటనే అని కూడా అంది."

మేస్త్రి మంచం పక్కన కూలబడ్డాడు. "మరి అలా ఎందుకు చెప్పావు బావా?"

"నిజం చెబితే ఏమొస్తుంది? నిన్ను పోలీసులు పట్టుకుపోతారు. నా కాలు రాదు. నీ చెల్లెలు ఇస్త్రీ చేసి నన్నూ, నీ వకీలునూ సాకాలి." నీళ్ళ గ్లాసు చూపించాడు. మేస్త్రి పట్టించాడు. "ఆ అమ్మాయి చదువుకుంది. ఇక్కడ కాకపోతే ఇంకోచోట బతుకుతుంది. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు చెప్పు."

"నీ కాళ్ళు పట్టుకుంటాను బావా."

"ఒక్కటే ఉంది," అన్నాడు ఉడత.

నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టమని సైగ చేశాడు.

"మీ చెల్లెలికి చెప్పను. ఎవరికీ చెప్పను. ఇక్కడి నుంచి మీ ఇంటికే వస్తాం. మా ఇంట్లో మెట్లు ఇరుకు. నీకు రెండు గదులున్నాయి, ఒక్కడివే ఉన్నావు. పొద్దున పనికి పోయేముందు నన్ను దొడ్డికి తీసుకుపోవాలి. సాయంత్రం రాగానే తీసుకుపోవాలి. తను ఆడది, నన్ను మొయ్యలేదు." కళ్ళు మూసుకున్నాడు. "నేను బతికినన్నాళ్ళూ నువ్వు బతకాలి బావా. నీకేమీ కాకూడదు. రోజూ అదే కోరుకుంటాను."

*

ఇంజనీరమ్మను పనిలోంచి తీసేశారు. సర్టిఫికెట్ వచ్చిందని కొత్త ఆఫీసు ముందు పూలకుండీలు పెట్టిన రోజే ఆమె మేస్త్రి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆదివారం ఉదయం. మేస్త్రి అప్పుడే ఉడతకు ఒళ్ళు తుడిచి, ఉతికిన చొక్కా తొడుగుతున్నాడు.

తలుపు తీసిన చెల్లెలు తప్పుకోలేదు. "ఇంకేం మిగిలిందని వచ్చావు?"

"ఒక్క నిమిషం. ఆయన్ని చూసి వెళ్ళిపోతాను."

"రానియ్యవే," అన్నాడు ఉడత లోపలి నుంచి.

ఆమె లోపలికి వచ్చి, కూర్చోమని ఎవరూ అనకపోవడంతో నిలబడే ఉంది. చిక్కిపోయింది. చేతిలో పుస్తకం లేదు. ఏదో అనాలని ముందే కూర్చుకుని వచ్చినట్టుంది, కానీ ఆ చదునైన పంచె కొసను చూశాక అదంతా పోయింది.

"నన్ను క్షమించండి," అంది.

మేస్త్రి చేతిలో బొత్తాం బొత్తాంగూట్లోకి పోలేదు. మళ్ళీ ప్రయత్నించాడు.

"పోనీలెండమ్మా," అన్నాడు ఉడత మెత్తగా. "తెలిసి చేశారా ఏమన్నా. చిన్నవాళ్ళు. మనసులో పెట్టుకోకండి."

చెల్లెలు కళ్ళు ఒత్తుకుంది. ఇంత జరిగాక కూడా తన మొగుడు ఇంత మంచివాడు. ఇంజనీరమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగింది. చెల్లెలు మొదటిసారి కొంచెం మెత్తబడి, "అన్నా, కింది దాకా దిగబెట్టు," అంది.

రెండో అంతస్తు మలుపులో ఇంజనీరమ్మ ఆగింది. గోడకు ఆనుకుంది. మేస్త్రి ఒక మెట్టు పైన నిలబడ్డాడు.

"మిమ్మల్ని ఒకటి అడగాలి," అంది. "కోపంతో కాదు. నాకు కావాలి కాబట్టి. మా ఇంట్లోవాళ్ళందరికీ చెప్పాను, నేను కోసెయ్యమనే అన్నానని. మొదట్లో అది స్పష్టంగా వినపడేది. ఇప్పుడు రోజంతా అదే ఫోన్ తలలో మోగుతోంది. ఒకసారి కోసెయ్యండి అన్నట్టు ఉంటుంది. ఒకసారి ఆగండి అన్నట్టు ఉంటుంది. ఆ దూలం గురించి అంత ఆశ పెట్టుకున్నాను కదా. నోట్లోంచి అదే వచ్చిందేమో. నాకే తెలియకుండా."

పై అంతస్తులో ఎవరో బకెట్టు ఈడుస్తున్నారు.

"మీరు అబద్ధమాడే మనిషి కాదు. నెల రోజులు చూశాను. ఒక మేకు వంకర పోతే కూడా దాచకుండా చెప్పేవారు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. నేను ఆ మాట అన్నానా?"

మేస్త్రి ఆమె మొహం చూశాడు. చెప్పేస్తే ఆ మొహం ఏమవుతుందో అతనికి తెలుసు. తరవాత తన మొహం ఏమవుతుందో, పైన గదిలో చెల్లెలి మొహం ఏమవుతుందో కూడా తెలుసు.

"ఆగండి అన్నారమ్మా."

"అన్నానా?"

"అన్నారు. ఆగండి, ఆగండి అని రెండుసార్లు అన్నారు."

ఆమె తల ఊపింది. ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ ఊపింది. "అవును," అంది. "రెండుసార్లు. ఇప్పుడు వినపడుతోంది."

మొహంలో ఏదో సర్దుకుంది, చాలా రోజులుగా ఎక్కడ పెట్టాలో తెలియని బరువును చివరికి తన నెత్తిన పెట్టుకున్నట్టు. "మీరు చెప్పబట్టి తేలింది. లేకపోతే పిచ్చెక్కేది నాకు," అంది. కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ దిగింది. వీధిలోకి వెళ్ళాక ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు నిలబడి, ఎడమవైపు నడిచింది.

మేస్త్రి ఆమె కనుమరుగయ్యేవరకూ ఆ మలుపు కిటికీ దగ్గరే ఉన్నాడు. తరవాత మెట్లెక్కాడు.

చెల్లెలు వంటగదిలో ఉంది. ఉడత మంచం మీద అలాగే కూర్చుని ఉన్నాడు, చొక్కా పై బొత్తాం పెట్టకుండా.

"ఏమడిగింది?" అన్నాడు చిన్నగా.

"తను ఏమందో అడిగింది."

"నువ్వేమన్నావు?"

"తను అన్నదే చెప్పాను."

ఉడత అతన్ని కాసేపు చూసి, చేతులు చాపాడు. "రా. ఎండ పడే చోట కూర్చోబెట్టు నన్ను."

మేస్త్రి మంచం ముందు గొంతుక్కూర్చుని వీపు అతని వైపు తిప్పాడు. ఉడత అతని మెడ చుట్టూ చేతులు వేసి, గట్టిగా పట్టుకున్నాడు.